షేవర్ వెంట్రుక లాగుతోందంటే మోటారు ఆర్‌పీఎం తక్కువైనట్టేనా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. గుత్తి డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరైన మీ నాన్నగారు రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు. బ్లేడు ముట్టొద్దని డాక్టరు చెప్పారు. మీరు మూడు తలలున్న ఛార్జింగ్ షేవర్ కొనిచ్చారు. ఏడు నెలలు బాగానే పనిచేసి, ఇప్పుడు వెంట్రుకను కోయకుండా పట్టి లాగుతోంది, ఆయన ముఖం మీద ఎర్రటి చుక్కలు లేస్తున్నాయి. షాపులో అడిగితే "దీనిది 7,000 ఆర్‌పీఎం మోటారు మేడమ్, 10,000 ఉన్నది తీసుకోండి" అన్నారు. అది నిజమేనా అని అడిగారు.

ఆర్‌పీఎం అంటే మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. ఆ అంకె చూసి కొనకండి. నేను అనంతపురం పాతూరులో 26 ఏళ్లుగా మిక్సీలు, ట్రిమ్మర్లు, సెలూన్ల క్లిప్పర్లు బాగుచేస్తున్నాను. మోటారు బాగుంటేనే షేవర్ బాగుంటుంది, ఆ మాట నిజం. కానీ మోటారు మంచిదా కాదా అనేది అది ఖాళీగా ఎంత వేగంగా తిరుగుతుందో చూస్తే తెలియదు. గడ్డం మీద పెట్టినప్పుడు ఆ వేగం ఎంతవరకు నిలబడుతుందో చూస్తే తెలుస్తుంది. పెట్టె మీద ఈ రెండో అంకె ఎవరూ వేయరు.

షేవర్ కోసేది కత్తెర కోసినట్టే. పైన చర్మానికి తగిలే జాలీ కదలదు, కింద బ్లేడు తిరుగుతుంది. వెంట్రుక జాలీ సందులోకి దూరుతుంది, బ్లేడు వచ్చి దాన్ని సందు అంచుకు అదిమి తెంపుతుంది. ఎండిన గడ్డం వెంట్రుక అంతే లావున్న రాగి తీగంత గట్టిగా ఉంటుందని అంటారు. రోజూ బెంచ్ మీద రెండింటినీ చూస్తుంటాను కాబట్టి ఆ పోలిక నాకు అతిగా అనిపించదు. వెంట్రుక తగిలిన ఆ క్షణంలో బ్లేడు వేగం తగ్గకుండా దూసుకుపోవాలి. తగ్గిందా, వెంట్రుక సగం తెగి అంచుల మధ్య ఇరుక్కుంటుంది. అదే సమయానికి మన చెయ్యి షేవర్‌ను ముందుకు జరుపుతుంది. ఇరుక్కున్న వెంట్రుక కుదురు దగ్గర లాగబడుతుంది. మీ నాన్నగారి ముఖం మీది ఎర్ర చుక్కలు దాదాపుగా ఇలా వచ్చినవే.

మోటారు సంగతి ఆయనకు చెబితే మీకంటే నాకంటే త్వరగా అర్థం చేసుకుంటారు. డీజిల్ ఇంజను అంటాం గానీ, ఆ పాత ఇంజన్లలో చక్రాలను తిప్పేవి డీసీ మోటార్లే. బండి చదునులో పోయేటప్పుడు ఆ మోటార్లు తీసుకునే కరెంటు ఒక రకం, నిండు గూడ్సుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకో రకం. మీ షేవర్‌లోని బొటనవేలంత మోటారూ అదే జాతిది. డీసీ మోటారు తిరిగేటప్పుడు తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టించుకుంటుంది. వేగం ఎక్కువుంటే ఎదురు వోల్టేజీ ఎక్కువ, కరెంటు తక్కువ. భారం పడి వేగం తగ్గితే ఎదురు వోల్టేజీ తగ్గి, బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లోపలికి వస్తుంది. ఆ కరెంటే భారాన్ని నెట్టే బలం. అంటే ఏ షేవర్ అయినా గడ్డం మీద పెట్టగానే కొంత నెమ్మదించడం సహజం. ఆ తగ్గేది ఎంత అన్న దగ్గరే మంచి మోటారుకూ నాసిరకం మోటారుకూ తేడా తెలుస్తుంది.

లెక్క వేసి చూపిస్తాను. ఖాళీగా 10,000 తిరిగే మోటారు ఒకటి, 7,000 తిరిగేది ఇంకొకటి అనుకోండి. మొదటిదాన్ని పూర్తిగా ఆపేయడానికి 4 పాళ్ల బలం చాలు. రెండోదానికి 10 పాళ్లు కావాలి. ఈ రకం మోటార్లలో భారం పెరిగేకొద్దీ వేగం తిన్నగా, ఒకే వాలులో తగ్గుతుంది. గడ్డం 2 పాళ్ల భారం వేస్తే మొదటిది సగానికి, 5,000కు పడిపోతుంది. రెండోది 5,600 దగ్గర నిలుస్తుంది. నాలుగు రోజుల గడ్డం 3 పాళ్ల భారం వేస్తే మొదటిది 2,500, రెండోది 4,900. షాపులో పదివేలన్నది చెంప మీదికి వచ్చేసరికి రెండున్నర వేలు అయింది. ఇవి నేను ఊహించిన అంకెలే గానీ, లెక్క తీరు అసలుదే.

భారం పడినా నిలబడే ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తుందంటే మోటారులోని అయస్కాంతం నుంచి, వైండింగ్ నుంచి, అంటే లోపల చుట్టిన రాగి తీగ నుంచి. చవక మోటార్లలో నల్లటి ఫెర్రైట్ అయస్కాంతం ఉంటుంది, ఖరీదైనవాటిలో నియోడిమియం. అదే సైజులో నియోడిమియం చాలా ఎక్కువ బలం ఇస్తుంది. వైండింగ్‌లో తక్కువ చుట్లు వేస్తే ఖాళీగా మోటారు వేగంగా తిరుగుతుంది, కానీ అదే కరెంటుకు తక్కువ బలం ఇస్తుంది. పెట్టె మీద పెద్ద అంకె వేయాలనుకునేవాడికి ఇది తేలిక దారి. ఒకసారి నేను ఆన్‌లైన్‌లో ఇరవై మోటార్లు తెప్పించాను. పాతదాని పక్కన పెడితే డబ్బా, షాఫ్టు, పళ్ళచక్రం అన్నీ సరిగ్గా అదే కొలత. బిగించాక గుయ్యిమని పాతదానికంటే వేగంగా తిరిగాయి. నాలుగు సెలూన్ల ట్రిమ్మర్లకు వేసి ఇచ్చాను. వారంలోపే అన్నీ వెనక్కి వచ్చాయి, వెంట్రుక లాగుతున్నాయని, పట్టుకుంటే వేడెక్కుతున్నాయని. లోపలి వైండింగ్ వేరే వోల్టేజీకి చేసినది. మిగిలిన పదహారు మోటార్లు పక్కన పడేసి, ఇచ్చినవాటిని నా ఖర్చుతో మార్చి ఇచ్చాను. అప్పటి నుంచి ఏ మోటారైనా వేలితో షాఫ్టును కొద్దిగా అదిమి చూశాకే బిగిస్తాను.

బ్యాటరీ సంగతి కూడా చూడాలి. మీది యూఎస్‌బీ ఛార్జింగ్ అన్నారు, ఏడు నెలల కిందట కొన్నారు కాబట్టి లోపల లిథియం సెల్ ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. నిండుగా ఉన్నప్పుడు దాని వోల్టేజీ 4.2, దిగిపోయేసరికి 3 దగ్గరికి వస్తుంది. మోటారు వేగం వోల్టేజీని బట్టి పోతుంది. వేగాన్ని సరిచూసుకునే సర్క్యూట్ లేని చవక షేవర్లలో నిండు ఛార్జింగ్‌లో 7,000 తిరిగేది, 3.2 వోల్టులకు దిగాక 5,300 దగ్గర తిరుగుతుంది. పైగా సెల్ పాతబడితే లోపలి నిరోధం పెరుగుతుంది. ఖాళీగా కొలిస్తే వోల్టేజీ బాగానే కనిపిస్తుంది, మోటారు గట్టిగా కరెంటు అడిగిన క్షణంలో చతికిలబడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో లిథియం సెల్ త్వరగా ముసలిదవుతుంది. కిటికీ పక్కన ఎండ పడేచోట ఛార్జింగ్ పెట్టడం, బండి డిక్కీలో వదిలేయడం రెండూ మానేయండి.

ఇక అసలు విషయం. "మోటారు పోయింది" అని నా దగ్గరికి వచ్చే షేవర్లలో ఎక్కువ భాగం మోటారు బాగున్నవే. మోటారు మీద అనవసర భారం పడుతోంది, అంతే. ఆ భారం తలలోనే ఉంటుంది. మీ ప్రశ్నలో మీరు మామూలుగా రాసిన ఒక వాక్యం నా కంట పడింది: గీసుకున్న ప్రతిసారీ కుళాయి కింద పెట్టి కడిగి, అలాగే మూత పెట్టేస్తున్నామని. మీ ఇంట్లో బోరు నీళ్ళే కదా. మన జిల్లా బోరు నీళ్ళు ఎలాంటివో మన బకెట్లు, స్టీలు గిన్నెలే చెబుతాయి. ఆ తెల్లటి ఉప్పే జాలీ సందుల్లో, బ్లేడు వెనక, పళ్ళచక్రాల మధ్య పొరలు పొరలుగా పేరుకుంటుంది. దానికి చర్మం పొట్టు, వెంట్రుకల పొడి, సబ్బు కలిసి సున్నం గచ్చులాగా గట్టిపడతాయి. అప్పుడు మోటారు బలంలో సగం ఆ గచ్చును గీకడానికే పోతుంది. మిగిలిన సగంతో గడ్డం కోయాలి. కొత్త షేవర్ కొన్నా, పదివేల ఆర్‌పీఎందే కొన్నా, అదే నీళ్ళతో కడిగితే మళ్ళీ ఏడెనిమిది నెలలకు ఇదే కథ.

నూనె విషయంలో ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. కొబ్బరి నూనె ఒక చుక్క వేస్తారు, లేదా మన వేరుశనగ నూనెను. వేసిన రోజు మెత్తగా తిరుగుతుంది. తినే నూనెలు గాలికి, వేడికి కొన్నాళ్ళకు జిగురవుతాయి. కొబ్బరి నూనె అయితే చలికాలం పొద్దున 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది. జనవరిలో "పొద్దున తిరగట్లేదు, మధ్యాహ్నం తిరుగుతోంది" అని ట్రిమ్మర్ పట్టుకొచ్చేవాళ్ళు ఏటా ఉంటారు. తల విప్పితే కొబ్బరి నూనె వాసన. షేవర్‌తో వచ్చిన నూనె లేకపోతే కుట్టు మిషను నూనె ఒక్క చుక్క చాలు.

కళ్యాణదుర్గం వైపు సెలూన్ నడిపే ఒకాయన తన క్లిప్పర్ గురించి చాలాకాలం ఇదే అనేవాడు, మోటారు పోయిందని. సెలూన్లలో కరెంటుకు పెట్టి వాడే బరువైన పాత క్లిప్పర్లలో నిజానికి తిరిగే మోటారు ఉండదు, కాయిల్, ఊగే ఇనుప పలక ఉంటాయి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు. ఒక్కో సైకిల్‌లో పలకను రెండుసార్లు లాగుతుంది, అంటే నిమిషానికి 6,000 ఊపులు. ఆ వేగం వోల్టేజీ తగ్గినా మారదు. మారేది ఊపు బలం. సాయంత్రాలు బోర్లన్నీ ఆన్ అయ్యేసరికి వాళ్ళ ఊళ్ళో 230 రావాల్సింది 184కు పడితే, లాగే బలం దాదాపు మూడింట రెండొంతులకు తగ్గిపోతుంది. శబ్దం అంతే గట్టిగా వస్తుంది, వెంట్రుక మాత్రం తెగదు. పక్కనున్న స్క్రూను అక్కడి వోల్టేజీకి తగ్గట్టు సరిచేసి ఇస్తే ఆరేళ్ళ పాత క్లిప్పర్ మళ్ళీ పనిచేసింది. వేగం, బలం వేరువేరు అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నేను చూడలేదు.

పెట్టె మీది అంకెల గురించి మీరు తెలుసుకోవాల్సింది ఇంకొంచెం ఉంది. మూడు తలల షేవర్‌లో మోటారు చిన్న పళ్ళచక్రం తలల పెద్ద పళ్ళచక్రాలను తిప్పుతుంది కాబట్టి బ్లేడు మోటారుకంటే నెమ్మదిగా తిరుగుతుంది. 7,000 అన్నది మోటారుదా బ్లేడుదా అని పెట్టె చెప్పదు. కొందరు నిమిషానికి ఇన్ని వేల కోతలు అని వేస్తారు. ఒక తలలో 9 బ్లేడులుండి అది నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఒక్కో సందు ముందు నుంచి 18,000 బ్లేడులు పోతాయి. దాన్ని మూడు తలలతో గుణిస్తే 54,000. అంకె పెద్దదైంది, షేవర్ మారలేదు. నిలువు జాలీ ఉన్న షేవర్లలో బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది. పానసోనిక్ తన పెద్ద మోడళ్లకు నిమిషానికి 14,000 అని చెప్పేది ఆ ఊపుల లెక్క. వాటిలో లీనియర్ మోటారు ఉంటుంది, తిరిగే భాగం లేకుండా అయస్కాంతమే బ్లేడును నేరుగా అటూ ఇటూ కదుపుతుంది. వీటి అంకెలను మూడు తలల షేవర్ అంకెలతో పోల్చడం కుదరదు. బ్రాన్, ఫిలిప్స్ ఖరీదైన మోడళ్లలో గడ్డం దట్టంగా తగిలితే గ్రహించి మోటారుకు ఎక్కువ కరెంటు పంపే ఏర్పాటు ఉంది. నేను పైన చెప్పిన వేగం నిలబెట్టడం అంటే అదే. డబ్బులు పెట్టాల్సి వస్తే పెట్టదగిన గుణం అది.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో చెబుతాను. ఈ పని మీరే చేయండి, నాన్నగారి చేత చేయించకండి. బ్లేడు అంచు వేలికి గీసుకున్నా ఆయన వాడే మాత్రలకు రక్తం త్వరగా ఆగదు. ముందు పూర్తిగా ఛార్జింగ్ పెట్టి, వైరు తీసేయండి. తలల భాగం ఊడదీసి ఉత్త మోటారును ఆన్ చేసి వినండి. సమంగా, సన్నటి శబ్దం రావాలి. గరగరమన్నా, ఆగి ఆగి తిరిగినా లోపలి కార్బన్ బ్రష్ గానీ, షాఫ్టు తిరిగే బుష్ గానీ అరిగినట్టు. అలా లేకపోతే మోటారు మీద నింద వేయకండి. తర్వాత తలలు బిగించి మళ్ళీ వినండి. శబ్దం కొద్దిగా బరువెక్కడం మామూలే. ఒక్కసారిగా మూలుగులాగా మారితే తప్పు తలల్లోనే ఉంది. నేను బెంచ్ మీద కరెంటు కొలుస్తాను. తల పెట్టగానే అది రెండింతలు దాటితే మోటారు విప్పను, ముందు తల కడుగుతాను.

తలలు విప్పేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, ఏ బ్లేడు ఏ జాలీ కింద ఉందో అలాగే తిరిగి పెట్టాలి. ఆ జంటలు ఒకదానికొకటి అరిగి కుదురుకుని ఉంటాయి. ఒకదాని బ్లేడు ఇంకోదాని కింద పెడితే మళ్ళీ కుదురుకునేదాకా లాగుతూనే ఉంటుంది. అందుకే ఒక్కో తల విడిగా, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి. పొడి బ్రష్‌తో దులపండి. తెల్లటి పొర కనిపిస్తే క్యాన్ నీళ్ళలో కాస్త నిమ్మరసం పిండి ఐదు నిమిషాలు ఉంచండి. అంతకంటే ఎక్కువసేపు వద్దు, లోహానికి మంచిది కాదు. మళ్ళీ క్యాన్ నీళ్ళతోనే కడిగి, గుడ్డ మీద పూర్తిగా ఆరనిచ్చి, ఒక చుక్క కుట్టు మిషను నూనె వేసి పది సెకన్లు తిప్పి, పైకి వచ్చిన నూనె తుడిచేయండి. తడి ఉండగా మూత పెట్టొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు.

నాన్నగారికి చెప్పాల్సింది కూడా ఒకటుంది. నాలుగు రోజులకొకసారి గీసుకుంటారని రాశారు. గడ్డం రోజుకు సుమారు మూడో వంతు మిల్లీమీటరు పెరుగుతుంది. నాలుగు రోజుల వెంట్రుక వంగి చర్మానికి అతుక్కుంటుంది, సందులోకి దూరదు. దూరట్లేదని మనిషి గట్టిగా అదుముతాడు. అదిమితే మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే లాగుతుంది, లాగితే ఇంకా అదుముతాడు. పెద్దవాళ్ళ మెడ చర్మం వదులుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇది మరీ ఎక్కువ. ఈ ఒక్కసారి ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా చేసి, ఆ తర్వాత రోజు మార్చి రోజు, పొద్దున చెమట పట్టకముందు, ఎడమ చేత్తో చర్మం లాగిపట్టి, షేవర్ బరువు మాత్రమే ఆనేలా తిప్పమనండి. ఎర్ర చుక్కలు తగ్గేదాకా ఆ చోటు వదిలేయండి. ఎక్కడైనా రక్తం వచ్చి గట్టిగా అదిమి పట్టినా ఆగకపోతే డాక్టరుకు చెప్పండి.

ఇవన్నీ చేశాక కూడా నిండు ఛార్జింగ్‌లో మొదటి రెండు నిమిషాలు బాగా కోసి, తర్వాత లాగితే సెల్ మార్చాలి. అది చిన్న ఖర్చే, కొత్త షేవర్ అవసరం లేదు. మొదటి నిమిషం నుంచే లాగితే బ్లేడులు అరిగినట్టు. ఫిలిప్స్ తలలు రెండేళ్లకు, బ్రాన్ జాలీ, బ్లేడు 18 నెలలకు, పానసోనిక్ జాలీ ఏడాదికి, లోపలి బ్లేడు రెండేళ్లకు మార్చమని ఆ కంపెనీలే చెబుతాయి. మీది పేరు లేని రకం అయితే తలలు విడిగా దొరకవు, అప్పుడు మాత్రం కొత్తది కొనక తప్పదు. కొనేటప్పుడు ఆర్‌పీఎం అడగకండి. ఈ మోడల్ తలలు అనంతపురంలో విడిగా దొరుకుతాయా అని అడగండి. షాపువాడు ఆన్ చేసి చూపించినప్పుడు మీ అరచేతి వెనక నూగు మీద ఆనించి శబ్దం ఎంత పడిపోతుందో వినండి. ఈ మాత్రలు వాడే పెద్దాయనకు నేనైతే మూడు తలలున్నదే, కాస్త పేరున్న కంపెనీది, తలలు నాలుగు వైపులా వంగేది చూస్తాను. గడ్డం కాస్త పెరిగినా అది నిలువు జాలీ రకం కంటే తేలికగా పట్టుకుంటుంది.

ముందు శుభ్రం చేసి చూడండి. తల లేకుండా ఒకటి, తల పెట్టి ఒకటి, చెంప మీద పెట్టి ఒకటి, మూడు శబ్దాలూ ఫోన్‌లో పది సెకన్ల చొప్పున రికార్డు చేసి ఇక్కడే పెట్టండి. మీ నాన్నగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. అన్నేళ్ళు షెడ్‌లో ఇంజన్లు విన్న చెవి కదా, ఆయన ఏమన్నారో అది కూడా రాయండి.